కొమ్ము ఖాళీ అయ్యేదాకా

దేవదూత వచ్చేసరికి మేం ఏడో గ్లాసు మాట దగ్గరున్నాం.
కఖేతీలో, ద్రాక్ష కోత ముగిసిన రాత్రి.
విందుపెద్ద ఒతియా మామ. మా దగ్గర తమదా అంటారు.
ఆయన ఒకరి పేరెత్తి వాళ్ళ మంచి చెప్పందే
ఎవరూ తాగకూడదు,
చెబుతుంటే ఎవరూ ఆపకూడదు.
నాకు పదమూడేళ్ళు. నా పని కూజా.
ఎవరి గ్లాసు అడుగు కనబడినా తప్పు నాది.

తలుపు తట్టలేదు. ఇంటికప్పు మూతలా ఎత్తి దిగాడు.
రెక్కల నిండా వడగళ్ళు, చెప్పుల్లేవు,
చేతిలో నా అంత బూర, కొండమేక కొమ్ములా వంకర.
"లోకం అయిపోయింది," అన్నాడు. "ఇది ఊదడమే తరువాయి."

మక్వాలా అవ్వ చూసింది. రెక్కల్ని కాదు, కాళ్ళని.
"బురద! ఆ గోనె మీద తుడుచుకో నాయనా. ఏమైనా తిన్నావా?"

ఫాదర్ షియో లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.
నలభై ఏళ్ళుగా ఈ రాత్రి గురించే చెప్పి చెప్పి
తీరా అది వచ్చేసరికి గడ్డంలో జున్ను.
దేవుడు లేడని సర్టిఫికెట్ ఉన్న లెక్కల గుమస్తా గోచా
"నేను నమ్మను," అన్నాడు దూత మొహం మీదే.
"అయినా ఆ కుర్చీ తీసుకో."

ఒతియా మామకి ఒకటే కనబడింది.
కొమ్ము. ఖాళీ కొమ్ము. తన బల్ల దగ్గర!
"అతిథి అంటే దేవుడు పంపినవాడు."
"అవునండీ, ఆయనే పంపాడు," అన్నాడు దూత.
"మరింకేం. ఒరేయ్, పొయ్యరా!"

ఊదేవైపు చిల్లుంది కదా, కారిపోదూ?
అవ్వ ఫాదర్ సంచీలోంచి కొవ్వొత్తి లాగి
కొరికి, నమిలి, మైనం బిరడా బిగించింది.
మూడు కూజాలు పట్టింది.
భూమిలో పాతిన బానకీ బల్లకీ మధ్య
నా మోకాళ్ళు అరిగాయి.

నిండిన కొమ్ము కింద పెడితే ఒలుకుతుంది,
అందుకని తాగేదాకా దించకూడదు.
ఈ నియమం సృష్టికంటే పాతది, మా ఊరివరకూ.
దూత పైకి చూశాడు. రాలవలసిన చుక్కలు
రేషన్ వరసలోలా నిలబడి ఉన్నాయి.
"ఒక్కటే," అన్నాడు.

పాపం.
ఒక్కటే అన్నవాడు మా లోయలో ఒక్కటితో లేచిందెప్పుడు?

ఒతియా మామ పోయినవాళ్ళ కోసం తాగించాడు, పేరుపేరునా,
యాభైమూడులో తప్పిపోయిన గాడిదతో సహా.
తర్వాత, పుట్టబోయేవాళ్ళ కోసం అన్నాడు.
దూత గుటక మధ్యలో ఆగాడు.
"వాళ్ళు జాబితాలో లేరే..."
"అయితే జాబితా తప్పు," అన్నాడు గోచా, "కూడిక మళ్ళీ చూడండి."
నార్గిజాకి అప్పుడు ఎనిమిదో నెల.
ఏమీ అనలేదు. పొట్ట మీద ప్లేటు పెట్టుకుని వంకాయ తింటోంది.
దూత ఆమెకేసి చాలాసేపు చూసి
ఈసారి తనే కొమ్ము చాపాడు నా వైపు.

తెల్లారుజామున పని గుర్తొచ్చింది.
మైనం పీకి నోట పెట్టాడు. ముందు గుటకే పడింది.
రెండోసారి గట్టిగా ఊదాడు.
బుడబుడమంది.
ఎర్రటి బుడగ ఒకటి పైకొచ్చి చిట్లింది.
దొడ్లో గేదె, ఏమిటన్నట్టు, పలికింది.
సమాధుల్లోంచి ఒక్కడంటే ఒక్కడు లేచాడు, మా పెదనాన్న వఖో,
తన పేరు మీద ఎవరో తాగుతున్నారనుకుని.
ఓ గ్లాసు పుచ్చుకుని, వంట బాగుందని చెప్పి
వెళ్ళి పడుకున్నాడు.
అవ్వ మైనం మళ్ళీ బిగించింది.

అరవై ఏళ్ళయింది.
దూత మా బానల గదిలోనే ఉన్నాడు, రెక్కలు దులిపితే తుమ్ములొస్తాయి.
ఒతియా మామ మాట సగంలో పోయాడు.
ఆ మాట ఎవరూ ముగించలేదు కనుక
విందు ఇంకా నడుస్తున్నట్టే లెక్క.
ప్రతి కోతకీ దూత ఒక కన్ను తెరిచి "అయిందా?" అంటాడు.
కొమ్ములోకి తొంగిచూస్తాను. బెత్తెడు దిగి ఉంటుంది.
పోస్తాను.

మొన్న చెయ్యి వణికి కాస్త బయట ఒలికింది.
ఆ సాయంత్రం ఎక్కడో భూమి కంపించిందని రేడియోలో చెప్పారు.
నేనెవరికీ ఏమీ చెప్పలేదు.
నార్గిజా మనవరాల్ని పిలిచి కూజా చేతికిచ్చాను.
మెడ కాదమ్మా,
అడుగు పట్టుకో.