వి, ఏ, ఎన్, ఏ

ఫర్వానియా టైపింగ్ సెంటర్లో
నాది మూడో కుర్చీ. పగలంతా అఖామా ఫారాలు.
ఒక మధ్యాహ్నం షట్టర్ దించాక
చిన్న ప్రోగ్రాం రాసుకున్నా:
వి, ఏ, ఎన్, ఏ
వరస తప్పకుండా ఈ మీటలు పడితే
తెర మీద వాన.

దాని జ్ఞాపకం నాలుగక్షరాలే.
ఐదోది రాగానే మొదటిది మర్చిపోతుంది.
రెండు సెకన్లు తడబడ్డామా
మళ్లీ మొదటికే.
బయట యాభై డిగ్రీలు.
ముదీర్ లేనప్పుడు
మూడు వేళ్లతో మబ్బు పట్టించేవాణ్ణి.

నిన్న రాజంపేట మనిషొచ్చింది, వీసా క్యాన్సిల్‌కి.
పాస్‌పోర్టు చూస్తూ కొడుతున్నా:
ఎస్, ఆర్, ఏ, వి, ఏ, ఎన్, ఏ...
పేరింకా "మ్మ" దాకా రానేలేదు,
కురిసింది.
కఫీల్ పేరు మీద, సివిల్ ఐడీ అంకెల మీద,
"కారణం" అన్న ఖాళీ గడి మీద
సన్నటి నీలం గీతలు.

"ఏంది నాయనా, మిషను చెడిందా?"
"లేదక్కా, నీ పేర్లోనే ఉంది."
శ్రావణమ్మ తెర దాకా వంగింది,
చెంగు నెత్తిమీదికి లాక్కుంటూ.

ఎస్కేప్ కొడితే ఆగేదే.
ముదీర్ టీ గ్లాసు చప్పుడయ్యేదాకా కొట్టలేదు.

ముందు ఏ అక్షరమూ లేకుంటేనే కురవాలని
ఒక్క షరతు చేరిస్తే పోయే తప్పు.
పొద్దున ఆ వరస దాకా వెళ్లి
ఫైలు మూసేశా.