వెనక ఎడమ తలుపు

తాళం తిప్పితే
మూడు తలుపులు ఒక్కసారే టక్కుమంటాయి.
నాలుగోది, వెనక ఎడమది,
వినపడనట్టు కూర్చుంటుంది.

దాని వెనకే నా చారు డేగిసా.
పదకొండు కొట్టేసరికి నలభై రెండు క్యారియర్లు
చీమకుర్తి క్వారీ ఆఫీసులకి చేరాలి.
కాటా దగ్గరొకసారి, కోత మిషన్ల దగ్గరొకసారి
దిగడం, చుట్టూ తిరగడం,
సీటు మీదుగా వంగి లోపలి గుబ్బ వేలితో నొక్కడం.
పద్దెనిమిదేళ్ల ఇండికా.
నా మోకాళ్లు దానికన్నా పాతవి.

మొదట తిట్టాను.
తర్వాత కొబ్బరినూనె పోశాను.
ఆడబిడ్డ రాజ్యం నిమ్మకాయ కట్టమంది, కట్టాను.
ఒకనాడు అరచేత్తో ఒక్కటిచ్చాను.
ఆ పూట పడింది తాళం.
అదే నన్ను ఆర్నెల్లు మోసం చేసింది.
కొడితే దారికొస్తుందని
ఎవరికి అనిపించదు?

సిలారు షెడ్డు ఒంగోలు కర్నూలు రోడ్డులో,
టైర్ల కొట్టుకీ సోడా బండికీ నడుమ.
వెళ్లగానే స్పానర్ అందుకోలేదు.
"తిప్పక్కా" అన్నాడు. తిప్పాను.
"ఇంకోసారి."
తలుపుకి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
"బిగుసుకుంటే మోటారు మూలగాల.
ఇది మూలగడం కూడా లేదే."

ఫ్యూజు చూశాడు, బాగుంది.
డాష్‌బోర్డు కింది డబ్బా మీద వేలు పెట్టాడు,
చీమ తుమ్మినట్టు కొట్టుకుంటోంది, అదీ బాగుంది.
తలుపు అట్ట ఊడదీస్తే
గుప్పెడు రాతిపొడి.
నల్లరాయిలోని వెండి చుక్కలు
ఒక్కటీ లేవు దాన్లో, కోత పడ్డాక అంతా బూడిదే.
ఒక రూపాయి బిళ్ల. ఎండిన కరివేపాకు రెబ్బ.

మోటారు బయటికి తీసి
బ్యాటరీకి తగిలించాడు. పుల్ల ఎగిరి పడింది.
తీగలు మార్చి తగిలిస్తే వెనక్కి పడింది.
"జూశావా, నిక్షేపంగా ఉండాది.
రెండే తీగలక్కా దీనికి.
కరెంటు ఇటు పారితే మూత, అటు పారితే విడుదల.
దీన్ని కొట్టి ఏం లాభం?
ఇది మాట వినని తలుపు కాదు,
మాట అందని తలుపు."

అనేసి టీ చెప్పడానికి పోయాడు.
నేను స్టూలు మీద కూర్చుండిపోయాను.

కమ్మీకీ తలుపుకీ మధ్య
ముడతలు పడ్డ రబ్బరు గొట్టం.
వెనక్కి లాగితే నీలం తీగ, పైకి నిగనిగలాడుతూ.
రెండు వేళ్లతో గుంజితే జీడిపాకంలా సాగింది.
లోపల రాగి ఎప్పుడో తెగింది.
తొక్క చీలిస్తే పచ్చటి చిలుము రాలింది.
తెరిచినప్పుడల్లా వంగేది అక్కడేనట.
రోజుకి ఇరవైసార్లు, పద్దెనిమిదేళ్లు,
లెక్క మొదలెట్టి మానేశాను.

అతుకు పెట్టి, గొట్టం తొడిగి,
నాలుగొందలన్నాడు.
మిగిలిన క్యారియరొకటి చేతికిస్తే
యాభై తగ్గించాడు, గోంగూర వాసన చూసి.

ఇంటికొచ్చేసరికి చెంచమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది.
మూణ్ణెల్లుగా నేను వీపు వెనక నుంచి అరిచే చెంచమ్మ.
ఎదురుగా పోయి పీట వేసుకుని చెప్పాను:
"రేపు ముప్పై తొమ్మిదే."
"అట్నే" అంది.
"ఎడమ చెవి ఎన్నాళ్లుగా?"
కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.
"చెబితే పన్లోంచి తీసేస్తావని."

రాత్రి తాళం తిప్పాను.
నాలుగూ ఒక్కసారే పడ్డాయి.
అయినా కాళ్లు వాటంతటవే చుట్టూ తిరిగి
వెనక ఎడమ తలుపు దగ్గర ఆగాయి.
లాగి చూశాను.
రాలేదు.
ఇంకోసారి లాగాను.