అతని వైపు

బెల్‌గ్రేడ్‌లో కరెంటు లేని ఫిబ్రవరి.
నేలమాళిగ గదిలో కొవ్వొత్తి పెట్టుకుని
మా దొంగచాటు పత్రికకి రక్తపిశాచిని గీస్తున్నాను:
పలచని పెదవులు, మఖమల్ కాలరు,
వెనక్కి వాలిన ఆడమెడ మీద
సరిగ్గా రెండు చుక్కలు.
కరెంటొస్తే నలభై జిరాక్సులు.
చీకటి బార్లలో చేతి నుంచి చేతికి.
డబ్బుకి విలువ పోయింది, సిగరెట్లు తీసుకుంటాం.

తిమోక్ లోయ నుంచి చిక్కుడుగింజల సంచితో దిగిన
స్తమేన అమ్మమ్మ
కళ్లజోడు సర్దుకుని చూసింది.
"ఎవడే ఈ పాలిపోయినవాడు?
వీణ్ణి పక్కలోకి ఎవతె రానిస్తుంది?"

గింజలు ఏరుతూ, చాలాసేపటికి:

"రదోయ్‌కో పోయిన పదకొండో రాత్రి వచ్చాడు.
తలుపు కొట్టలేదు. తన ఇంటికి తానెందుకు కొడతాడు!
మొహం ఎర్రగా, పొట్ట సారాతిత్తిలా,
గోళ్లలో మట్టి.
బతికున్నప్పటికంటే బరువు.
మెడ జోలికే రాలేదు.
గోడవైపు నాది, తలుపువైపు అతనిది.
అతని వైపు అడిగాడు, అంతే.

మొదటి రాత్రి భయంతో ప్రార్థన మరిచాను.
రెండో రాత్రి పొయ్యిలో ఇంకో కట్టె వేశాను.
మూడో రాత్రి
నీళ్లు కాచి, జడ విప్పుకుని కూర్చున్నాను.
నవ్వకే. నాకప్పటికి ఇరవై ఆరు.
చల్లటి చేతులు వెచ్చబడ్డానికి ఎంతసేపు పడుతుందో
నీ బొమ్మలకేం తెలుసు?
తెల్లారితే వీపు మీద మట్టి వేలిముద్రలు.
ఏట్లో కడుక్కున్నాను.
కొంచెం ఉంచుకున్నాను.

చిక్కిపోతానని చూశారు. నిగనిగలాడాను.
విధవ నిగనిగలాడితే ఊరు ఊరుకుంటుందా?
మచ్చలేని నల్లగుర్రాన్ని సమాధుల మధ్య నడిపించారు.
అతని దగ్గర అది అడుగెయ్యలేదు.
గ్లోగ్ ముళ్లచెట్టు కర్ర చెక్కింది నా మరిదే.
కేక మా వంటింటి దాకా వినబడింది.
రొట్టెపిండి పిసుకుతున్నాను.
పిసుకుతూనే ఉన్నాను."

కరెంటొచ్చింది. ఫ్రిజ్ ఒళ్లు విదిలించుకుంది.
అమ్మమ్మ గిన్నెలోంచి ఒక రాయి తీసి
నా చేతిలో పెట్టింది, పారెయ్యమని.

మఖమల్ కాలరు చెరిపాను.
రెండు చుక్కలూ చెరిపాను.
అక్కడ కాగితం పలచబడి
అవతలి నుంచి బల్బు కనిపించింది.

ఇద్దరికీ ఒకటే మంచం.
నిద్రలో ఆమె గోడవైపుకి జరిగింది,
ఒక మనిషి పట్టేంత.

నేను నేలమీద దుప్పటి పరుచుకున్నాను.