రెండో తరం

గుణుపురం సంతలో కొన్న ప్యాకెట్టు.
పద్నాలుగు గింజలు, నూటపది రూపాయలు.
వెనకాల చీమల్లాంటి అక్షరాలు:
ఈ కాయ గింజలు మళ్లీ నాటొద్దు.

నూతి పక్కన మూడే మొలిచాయి.
తెల్లారగట్ల మగపువ్వు రేకలు తుంచి
ఆడపువ్వుకి అద్దాను,
తేనెటీగ చూస్తే నవ్వుతుందేమోనని
అటూ ఇటూ చూసి.

ఒక్కటే నిలిచింది.
పాత లంగా చింపి ఉయ్యాల కట్టాను.
కోస్తే, పసుపు!

"తరభుజకి కామెర్లా?" అంది కుంతలా మావుసి ఒడియాలో.
మూడో ముక్క తనే అడిగింది.
గింజలు కొంగున ముడేసుకుంటుంటే
నాటొద్దని రాశారు మావుసీ, అన్నాను.
నాకు చదువు రాదుగా, అంది.

ఈ వేసవిలో
వాళ్ల గోడెక్కి మా వైపు దిగిందో తీగ.
కాయ గుండ్రమూ కాదు, కోలా కాదు.
లోపలి రంగు ఇంకా తెలీదు.
రోజూ తట్టి చూస్తున్నాం,
గోడ మీంచి వంగి ఆవిడ,
గొంతుక్కూచుని నేను.