నుదుటి తుపాకి

ఖైతాన్‌లో మా బిల్డింగు వెనక ఇసుక జాగా.
ఆగస్టు. రాత్రి మూడు.
ఏసీ పెట్టెల నీళ్లు రాలి తడిసినచోట
రెండు పిల్లులు పడుకోనుండాయి.

దస్తగిరి కారు కింద.
బయటికి కాళ్లే కనపడతాండాయి,
ఒక చెప్పు నీలం, ఒకటి గోధుమ రంగు.

గ్యారేజీవాడు ముప్పై దినార్లు అడిగినాడు.
నలుగురం కలిసి కొన్న బండి, నలుగురికీ మనసు రాలేదు.
రెండో గేరు నుంచి మూడోదానికి పోయేటప్పుడు
గడప తట్టుకున్నట్టు తూలేది.
వెనక సీట్లో ముగ్గురు దర్జీలూ ఒక్కసారే తలలూపేవాళ్లు.

"ఈ నూనె జీవితకాలం వస్తాదని కంపెనీవాడే రాసినాడంట"
అన్నాను.
"ఎవురి జీవితకాలం?" అన్నాడు కిందనుంచి.
టార్చి సరిగ్గా పట్టుకున్నా.

బోల్టు ఊడింది.
కషాయం మాదిరి కారింది, మాడిన వాసనతో.
నీళ్ల సీసాల్లోకి పట్టినాం.
ఎంత దిగిందో అంతే ఎక్కించాల:
రెండు సీసాలు, మూడోదాంట్లో నాలుగు వేళ్లు.
మిగతాది లోపలే ఉంటాదంట.
ఎంత వంచినా రాదంట,
కొత్తదాంతో కలిసి తిరుగుతాదంట.

పాను విప్పితే అయస్కాంతం మీద ఇనుప నూగు,
గొంగళిపురుగు వీపులాగా.
బొటనవేలితో తుడిచి
లుంగీకి రాసుకోబోయి, ఆగి,
ఇసుకకు రాసినాడు.

కొత్తది ఎరుపు. రంజాన్ నెల్లో
అంగళ్ల ముందు గుట్టలుపోసే విమ్టో ఎరుపు.
కోసిన సీసానే గరాటు చేసి పోసినాం.

ఈ బండికి కొలిచే పుల్ల లేదు.
వేడి నలభైకీ నలభైఅయిదుకీ నడుమ ఉన్నప్పుడు
అడుగు బోల్టు తియ్యాల,
ఎక్కువైంది ధారగా పోతాది,
ధార చుక్కలైనప్పుడు మూయాల.
"మనూర్లో అయితే వేడెక్కేదాకా కాచుకోవాల.
ఈడ వేడెక్కకముందే పరిగెత్తాల" అన్నాడు దస్తగిరి.

వేడి చూసేదానికి తుపాకి నాది.
కరోనా ఏడాది మాలు తలుపుకాడ
పన్నెండు గంటలు నిలబడి నుదుళ్లకు గురిపెట్టింది ఇదే.
పారేస్తావుంటే సంచిలో వేసుకొచ్చినా.
అత్తరు నుదుళ్లు, సిమెంటు నుదుళ్లు,
వంగితేగాని అందని పిల్లల నుదుళ్లు.
ఒకనాడు ముప్పైతొమ్మిది చూపించింది.
మా రూము ఓబయ్య. ఇంటికి పైసలు పంపేదానికి వచ్చినాడు.
"ఎండలో నడిచొచ్చినా కేశవా, అంతే."
రూలని చెయ్యి అడ్డం పెట్టినా.
ఎండే అయ్యుండొచ్చు.
నీడలో పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసుండొచ్చు.
ఇప్పుడు సాల్మియాలో ఉండాడు, బాగానే ఉండాడంట.
నా ఫోను ఎత్తడు.

ఇంజను వేసినా. కాలు బ్రేకు మీద.
పీ, ఆర్, ఎన్, డీ, మళ్లీ వెనక్కి,
ఒక్కోచోట మూడు లెక్కపెట్టి.
దిగివచ్చి పానుకు గురిపెట్టినా.
ముప్పైఎనిమిది.
ముప్పైతొమ్మిది.
ఆ అంకె చాలాసేపు ఉండింది.
నలభైఒకటి. "తియ్యి!"
ఎర్రటి ధార, పెన్సిలంత, పుల్లంత, దారమంత,
చుక్క. చుక్క.

చుక్క.

"మూసెయ్ దస్తగిరీ, జ్వరం లేదు."

ఫజర్ అజాన్ వినబడింది.
సర్ఫుతో మూడుసార్లు చేతులు కడిగి
మసీదుకు పోయినాడు. గోళ్ల నలుపు పోలేదు.
హారిస్ లేచేలోపల మరకల మీద ఇసుక కప్పినా.
సీసాల మీద నీళ్ల కంపెనీ బొమ్మ అట్లే ఉంది.
ఎవడన్నా దప్పికకు ఎత్తుతాడని
"తాగొద్దు" అని రాసి,
ఈడ తెలుగు ఎవురికొచ్చని పుర్రె బొమ్మ గీసినా.

పొద్దెక్కినాక ఊరికే నేలకు గురిపెట్టినా.
వేడి దాని లెక్క దాటితే
అంకె మానేసి రెండే ఇంగ్లీషు అక్షరాలు చూపిస్తాది:
హాయ్.

ఆరింటికి దర్జీలు ఎక్కినారు. నేనే తోలినా.
సాల్మియా బోర్డుకాడ వేగం తగ్గించి,
మళ్లీ పెంచినా.
అద్దంలో చూస్తే ముగ్గురి తలలూ కదల్లేదు.
ఒకడు నిద్రపోతాండాడు.