రెండు సెకన్ల చప్పుడు

తాళం అప్పుడే తిప్పకు, న్యామ్‌దోర్జ్.
ఈ సుత్తిపిడి ఇంజన్‌కి ఆనించి
రెండో కొస చెవిలో పెట్టుకోనీ.
సున్నాకి కింద ముప్పై రెండు.
ఉలాన్‌బాతర్ పొగంతా ఇవాళ నా షెడ్డు కప్పు మీదే పడుకుంది.
ఊఁ, తిప్పు.

గరగరగర.
ఆగింది. విన్నావా?

"వేడెక్కాక ఉండదుగా, దుల్మా అక్కా" అంటావు.
అందరూ అదే అంటారు.

లోపల, క్యామ్‌షాఫ్ట్ కొసన
నా పిడికిలంత చక్రం.
వాల్వులు ఒక పిసరు ముందు తెరవాలో
ఒక పిసరు ఆగి తెరవాలో దానికి తెలుసు.
చేతులు మాత్రం లేవు దానికి,
ఆయిలే దాని చేతులు.
రాత్రి ఆయిలంతా కిందికి జారిపోతే
చిటికెన వేలి కొసంత పిన్ను ఒక్కటే
తెల్లారేదాకా దాన్ని పట్టుకుని నిలబడాలి.
నీ పిన్ను అరిగింది.
ఆయిల్ మళ్ళీ పైకి ఎగబాకేదాకా
గొళ్ళెం ఊడిన తలుపులా కొట్టుకుంటోంది చక్రం.

ఎన్నాళ్ళు నడుస్తుందంటే ఏం చెప్పను?
మూడు లక్షలు దాటి కిక్కురుమననివి చూశాను.
లక్షకే చైను సాగి
దర్ఖాన్ దారిలో మంచులో నిలిచిపోయిందీ చూశాను.
అదే మోడలు. అదే సంవత్సరం.

నిన్న నీ బండిలోంచి తీసిన జాలీ ఇదిగో,
పప్పుబద్దంత.
ఆ నల్లటిది తారు కాదు,
నువ్వు "వచ్చే నెల" అన్న నెలలు.

డ్రైవర్ తలుపు అంచు ఎప్పుడైనా చూశావా?
జపాన్ స్టిక్కర్లు, ఒకదాని కింద ఒకటి.
ఆ లిపి నాకు రాదు. అంకెలు వచ్చు.
ఐదు వేలు. పది వేలు. పదిహేను.
డెబ్బై ఐదు దాకా
ఎవరో ఒక్కసారీ తప్పలేదు.
తర్వాత ఓడ. తర్వాత రైలు.
తర్వాత నువ్వు.
తర్వాత ఉత్త రేకు.

తిట్టట్లేదయ్యా.
ఆయిల్ డబ్బా ధర నాకూ తెలుసు,
నీ పెద్దదాని బూట్లు చిరిగాయనీ తెలుసు.
ఇంజన్‌కి తెలీదు, అంతే.

శుక్రవారం రా. చక్రం, చైను రెండూ మారుస్తాను.
డబ్బు రెండు విడతల్లో ఇవ్వు,
మూడైనా సరే.

ఆయిల్ మాత్రం ఇవాళే పోశాను.
స్టిక్కర్లు లేవు నా దగ్గర.
గాయాలకు వేసే ప్లాస్టర్ మీద
రెండు లక్షల నలభై ఆరు వేలు అని రాశాను,
ఆ డెబ్బై ఐదు కిందే అంటిస్తున్నాను.

చలికి అంటుకోవట్లేదు.
ఉండు,
కాస్త ఊపిరి ఊదనీ.