మూడుసార్లు తొక్కు

రాత్రి బ్యాటరీని లోపలికి మోసుకొచ్చి పడుకోబెట్టాం
పొయ్యికి నాకంటే దగ్గరగా.
తొమ్మిదేళ్ళ కాపురంలో
నాకెప్పుడూ దక్కని చోటది.

ఇంకా తెల్లవారలేదు.
థర్మామీటర్‌లో ఎర్రగీత జారి జారి
అంకెలు అయిపోయిన చోట ఆగింది.
తలుపు తీస్తే గాలి లేదు.
అదీ ఎక్కడో కొండ మీద
కాళ్ళు కొంకర్లు పోయి నిలబడిపోయినట్టుంది.

బయట మా జిల్ ట్రక్కు.
నీలం ముక్కు, మంచు పట్టిన కనుబొమలు,
నాకంటే రెండేళ్ళు పెద్దది.
సెల్ఫ్ మోటారు పోయి మూడు చలికాలాలు.
పోయిన గురువారం స్టార్టింగ్ హ్యాండిల్ ఎదురుతన్ని
నవాన్‌జంబ మణికట్టు విరిచింది.
ఇప్పుడతను గొర్రెతోలు కింద
రెండు అట్టముక్కల మధ్య చెయ్యి కట్టుకుని
గుడారం ఉన్నిగోడ అవతల నుంచి
నా చేత బండి స్టార్ట్ చేయిస్తున్నాడు.

"కింద మంట పెట్టావా?"
పెట్టాను.
బ్లోలాంపు నీలినాలుకతో
ఇంజన్ కడుపు నాకుతోంది.
తారులా బిగిసిన ఆయిల్
మెత్తబడే వాసన నాకు తెలుసు,
వెన్న కాచి మరిచిపోయినట్టుంటుంది.

"నీళ్ళు?"
పోశాను.
మొదటి బకెట్ రేడియేటర్‌లోంచి కారిపోయి
నా బూట్ల దగ్గరే గాజు అయింది.
రెండోది నిలిచింది.

"ప్లగ్గులు?"
ఎనిమిదీ మూకుడులో వేయించాను.
చిన్నాడు తినేవేమో అనుకుని చెయ్యి పెట్టబోయాడు.
ఉన్నిమేజోడులో పోసి పరిగెత్తుకెళ్ళి
వేడి దిగేలోపు బిగించాను.

"చోక్ మొత్తం లాగు.
యాక్సిలరేటర్ మూడుసార్లు తొక్కు.
మూడు. లెక్కపెట్టుకో."

ఇక్కడే.

ఎనిమిది చలికాలాలు అతను మూడుసార్లు తొక్కాడు.
ఎనిమిది చలికాలాలు నేను బంపర్ పక్కన
లాంతరు పట్టుకుని నిలబడ్డాను.
మూడోదానికి పెట్రోలు వాసన
ముక్కు దాటి గొంతులోకి దిగేది.
ఆ తర్వాత అరగంట తిట్లు,
బండిని, బండి చేసినవాణ్ణి,
లాంతరు సరిగా పట్టలేదని నన్ను.
తడిసిన ప్లగ్గులు విప్పి
మళ్ళీ మూకుడెక్కించేది నేనే.

ఒకసారి చెప్పాను.
"కార్బ్యురేటర్ సంగతి నీకేం తెలుసు?" అన్నాడు.
నిజమే, తెలీదు.
నాకు తెలిసింది జడలబర్రె సంగతి.
తొందరపెట్టి పిండబోతే
ఎగచేపుతుంది.

ట్రక్కు వెనక టన్నున్నర బొగ్గుంది.
ఇదెర్ నది గడ్డ మీదుగా వెళితే
మధ్యాహ్నానికి బడి హాస్టల్.
అక్కడ మా పెద్దది ఒదొంచిమెగ్
పెన్ను చంకలో వెచ్చబెట్టుకుని
రెండు లైన్లు రాసి
మళ్ళీ చంకలో పెట్టుకుంటోందట.
నిన్న ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది.
నవ్వు మధ్యలో పళ్ళు టకటకలాడాయి.

ఒకటి.
రెండు.
కాలు పైనే ఉంచాను.
ఆ మూడోది నా మడమలో అలాగే ఉండిపోయింది.

దిగి, హ్యాండిల్ పట్టుకున్నాను.
బొటనవేలు చుట్టకుండా, మిగతా వేళ్ళ పక్కనే పెట్టి.
ఇది అతని మణికట్టు నేర్పిన పాఠం.
మొదటి తిప్పుకు ఉలుకూ పలుకూ లేదు.
రెండో తిప్పుకు లోపలెక్కడో
ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు.
మళ్ళీ ఏమీ లేదు.
భుజం కాదు, ఈసారి నడుము పెట్టి లాగాను.

ఎనిమిదిలో ముందు మూడే లేచాయి.
ఆ మూడూ అరిచి గీపెట్టి
మిగతావాళ్ళని లేపాయి.
నల్లపొగ, తెల్లపొగ.
కుక్క మొరగడం ఆపి చూసింది.
క్యాబిన్‌లోకి ఎగబాకి చోక్ సగం లోపలికి నెట్టాను.
ఊపిరి అందింది, దానికీ నాకూ.

గరిటెడు పాలు ముందుచక్రం మీద చిలకరించాను.
జారేలోపే అక్కడే అంటుకుపోయాయి.

ఉన్నిగోడ అవతలనుంచి
"మూడుసార్లే కదా తొక్కావు?"

"మూడే," అన్నాను.

చాలాసేపు ఇంజన్ ఒక్కటే మాట్లాడింది.
అతను వింటున్నాడు.
ఆ చప్పుడును చంటిపిల్ల ఏడుపులా చదవగలడు,
అబద్ధం చెప్పించలేం దానిచేత.

"సరే," అన్నాడు.
"రేపు కూడా అన్నే తొక్కు."